పిల్ల ప్రాసెస్ చచ్చింది సరే, ఎలా చచ్చిందో అడిగారా?

జాంబీ ప్రాసెస్ అంటే ఏమిటి? ఆర్ఫన్ ప్రాసెస్ అంటే ఏమిటి? రెండిటికీ తేడా ఏమిటి?

ఈ ప్రశ్నకి జవాబు చెప్పలేని సాఫ్ట్‌వేర్ ఇంజనీరు మనవాళ్ళలో ఉండడు. కాలేజీలో ఆపరేటింగ్ సిస్టమ్స్ పేపర్ కోసం బట్టీ పట్టాం, తర్వాత అమీర్‌పేట జిరాక్స్ మెటీరియల్లో ఇంకోసారి బట్టీ పట్టాం, ఇంటర్వ్యూలో గడగడా అప్పజెప్పి ఉద్యోగం కొట్టాం. "చైల్డ్ చచ్చాక పేరెంట్ వెయిట్ చెయ్యకపోతే జాంబీ, పేరెంట్ ముందే పోతే ఆర్ఫన్, ఆర్ఫన్‌ని ఇనిట్ దత్తత తీసుకుంటుంది." అయిపోయింది. నేనూ అలాగే గట్టెక్కాను లెండి. ఇప్పుడు టేబుల్‌కి అవతలి వైపు కూర్చుని అదే ప్రశ్న అడుగుతుంటే అదే జవాబు వస్తోంది, కామాలతో సహా.

నా గొడవల్లా ఒకటే. ఇంత కంఠతా వచ్చిన ముక్కని మనం కోడ్‌లో ఎందుకు పెట్టం?

వెయిట్ అన్న పేరే మనల్ని దారి తప్పించిందేమో అనిపిస్తుంది నాకు. వెయిట్ అంటే ఆగడం అనుకుంటాం. ఆగడం అందులో సగమే, అదీ చిన్న సగం. అసలు పని, పోయినవాడు ఎలా పోయాడో కనుక్కోవడం. కొడుకుని రాత్రి బస్సెక్కించిన తల్లి తెల్లారేదాకా మేలుకుని ఉండి, తెల్లారాక "చేరావా నాన్నా" అని ఒక్క ఫోన్ కూడా చెయ్యకుండా ముసుగు తన్ని పడుకుంటుందా? మనం రాసే పేరెంట్ ప్రాసెస్‌లు సరిగ్గా అదే చేస్తున్నాయి.

ఎవరినో తిట్టడానికి ముందు నా సంగతి చెప్పుకోవాలి కదా. చెబుతాను.

ఇదివరకు పనిచేసిన చోట రాత్రి బ్యాకప్ స్క్రిప్టు నేనే రాశాను. నాలుగు మైసీక్వెల్ డేటాబేసులు. ఒకదాని తర్వాత ఒకటి డంప్ చేస్తే తెల్లారిపోతోందని, నాలుగిటినీ డంప్ నుంచి జీజిప్‌కి పైప్ చేసి, ఒక్కో లైను చివర & తగిలించి ఒకేసారి వదిలాను. కింద ఒక వెయిట్. ఆ కింద $? సున్నా అయితే "బ్యాకప్ సక్సెస్" అని అందరికీ మెయిల్. లాగ్ నిండా పనికిరాని వార్నింగులు వస్తున్నాయని ఎర్రర్ స్ట్రీమ్‌ని డెవ్ నల్‌లోకి తోసేశాను. మూడు గంటల పని ఒక గంటలో అయిపోతోందని మేనేజర్ మెచ్చుకున్నాడు కూడా.

ఏడు నెలలు రోజూ పొద్దున్నే సక్సెస్ మెయిల్ వచ్చింది. ఏడు నెలల తర్వాత ఒక మధ్యాహ్నం, కొత్తగా చేరిన కుర్రాడొకడు బిల్లింగ్ డేటాబేసులో వేర్ క్లాజ్ లేకుండా అప్‌డేట్ కొట్టాడు. "కంగారు పడకు, బ్యాకప్ ఉందిగా" అన్నాను నేనే, పెద్దరికంగా. తీసి చూస్తే ఫైలు ఉంది. సైజు 20 బైట్లు.

20 బైట్లంటే ఏమిటో తెలుసా? ఖాళీని జీజిప్ చేస్తే వచ్చే సైజు. హెడర్ 10, శూన్యానికి 2, చివర చెక్‌సమ్మూ పొడవూ కలిపి 8. అంతకు ముందు రోజుదీ 20. నెల కిందటిదీ 20. ఆ డేటాబేసు పాస్‌వర్డు ఎవరో మార్చారు, డంప్ లోపలికి వెళ్ళలేక ప్రతి రాత్రీ రెండో కోడ్‌తో చచ్చిపోతూనే ఉంది, నేను ప్రతి పొద్దునా సక్సెస్ మెయిల్ చదువుకుంటూ కాఫీ తాగుతూనే ఉన్నాను.

తప్పెక్కడ? ఒకచోట కాదు. బ్యాష్‌లో పైప్‌లైన్ ఎగ్జిట్ కోడ్ అంటే ఆఖరి కమాండ్‌ది మాత్రమే. డంప్ చచ్చినా జీజిప్ సుఖంగా ఖాళీని కుదించి సున్నాతో బయటికొచ్చింది. పైప్‌ఫెయిల్ ఆన్ చేసి ఉంటే ఆ అబద్ధం బయటపడేది. కానీ... పడినా లాభం లేదు! ఎందుకంటే దాని కింద నా వెయిట్ ఉంది. ఏ పిడ్డూ ఇవ్వకుండా ఉత్తి వెయిట్ అని రాస్తే, బ్యాష్ అన్ని పిల్లల కోసమూ ఆగుతుంది, ఆగి, పిల్లలు ఎలా పోయినా సరే సున్నా ఇస్తుంది. నలుగురూ చచ్చినా సున్నాయే. మాన్యువల్లో శుభ్రంగా రాసి ఉంది. ఎవడు చదివాడు? & పెట్టిన ప్రతిసారీ $! దాచుకుని, ఒక్కొక్క పిడ్డుకీ విడివిడిగా వెయిట్ చేసి, ఒక్కొక్కడి కోడ్ చూడాలి. నాలుగు లైన్లు ఎక్కువ. ఆ నాలుగు లైన్ల బద్ధకం ఖరీదు ఏమిటంటే... పది రోజుల బైనరీ లాగులు పోగా మిగతాదంతా కస్టమర్లకి వెళ్ళిన ఇన్వాయిస్ మెయిళ్ళు చూసుకుంటూ ముగ్గురం తొమ్మిది రోజులు చేత్తో ఎక్కించాం.

ఆ కుర్రాడిని ప్రాజెక్టులోంచి తీసి బెంచి మీద కూర్చోబెట్టారు. స్క్రిప్టు రాసిన నన్ను ఎవరూ ఏమీ అనలేదు. నేనూ గట్టిగా చెప్పలేదు. ఈ రాతకి అసలు కారణం అదే అనుకోండి.

సరే, ఇప్పుడు జాంబీల సంగతి. పేరు చూసి అదేదో దెయ్యం అనుకుంటారు జనం. టికెట్లు కూడా అలాగే వస్తాయి, "సర్వర్లో జాంబీలు ఉన్నాయి, అర్జెంటుగా చంపండి" అని. కిల్ మైనస్ 9 కొడతారు, పోదు. మళ్ళీ కొడతారు. చచ్చినవాడిని ఎన్నిసార్లు చంపుతారండీ బాబూ? ఎగ్జిట్ అవగానే కెర్నెల్ ఆ ప్రాసెస్ మెమరీ వెనక్కి తీసుకుంటుంది, తెరిచిన ఫైళ్ళు మూసేస్తుంది. మిగిలేది ప్రాసెస్ టేబుల్లో ఒక ఎంట్రీ, దాంట్లో పిడ్డు, ఎలా పోయాడన్న స్టేటస్, ఎంత సీపీయూ తిన్నాడన్న లెక్క. ఆ చీటీ పేరెంట్ వచ్చి తీసుకునేదాకా కెర్నెల్ పారెయ్యదు. ఆ పిడ్డుని ఇంకొకరికి ఇవ్వదు కూడా. ఇచ్చేస్తే పేరెంట్ తన పిల్లకి పంపిన సిగ్నల్ ఊరూపేరూ తెలియనివాడికి తగలచ్చు. అంటే జాంబీ అనేది కెర్నెల్ లోపం కాదు, కెర్నెల్ మర్యాద. మనం చీటీ తీసుకోవడానికి వెళ్ళలేదు, అదీ లోపం. పీఎస్‌లో జెడ్ కనిపిస్తే తిట్టాల్సింది దాన్ని కాదు, పక్క కాలమ్‌లో ఉన్న పేరెంట్ పిడ్డుని.

అసలీ వెయిట్ ఆకాశంలోంచి ఊడిపడలేదు. పీడీపీ-7 మీద నడిచిన తొలి యూనిక్స్‌లో ఫోర్క్ ఉంది గానీ వెయిట్ లేదు. షెల్ ఏం చేసేదో డెన్నిస్ రిచీ రాసిపెట్టాడు. పిల్లని పుట్టించి దానికొక మెసేజ్ పంపి కూర్చునేది, పిల్ల ఆ మెసేజ్ చదవదు, చచ్చిపోతుంది, "అలాంటి ప్రాసెస్ లేదు" అని ఎర్రర్ వస్తుంది, ఓహో అయిపోయింది అని షెల్ తర్వాతి లైను చదివేది. ఆ పిల్ల పొరపాటున మెసేజ్ చదివేసిందా, అది బతికుండగానే అయిపోయిందనుకుని షెల్ ముందుకెళ్ళిపోయేది! ఇది కుదరదని చెప్పి ఆ మెసేజ్ యంత్రాంగాన్నే తీసేసి, సూటిగా వెయిట్ పెట్టారు. 1971 నాటి మొదటి ఎడిషన్ మాన్యువల్‌లో వెయిట్ ఉంది. అంటే యాభయ్యేళ్ళు దాటింది. మనం మాత్రం ఇంకా పీడీపీ-7 షెల్ లాగే "పిల్ల లేదు కాబట్టి పనైపోయింది" అనుకుంటున్నాం :)

ఇంటర్‌నెట్‌లో దీనికి ఒక చిట్కా వైద్యం ఉంది. సిగ్‌చైల్డ్ సిగ్నల్‌ని ఇగ్నోర్ చెయ్యండి, జాంబీలే రావు అని. నిజమే, రావు. కెర్నెల్ చీటీలని అక్కడికక్కడే చింపేస్తుంది. కరెంటు బిల్లు కొట్టడానికి మనిషి వస్తాడని గేటుకి తాళం వేసుకోవడం లాంటిదన్నమాట. ఆ తర్వాత మీరు వెయిట్ చేస్తే పిల్లలందరూ పోయేదాకా ఆగి, చివరికి "నీకు పిల్లలే లేరు" అని ఎర్రర్ ఇస్తుంది. అదే ప్రోగ్రాములో ఇంకెక్కడో సిస్టమ్ ఫంక్షన్ వాడుతుంటే కమాండ్ చక్కగా నడిచినా అది మైనస్ ఒకటి ఇస్తుంది. లైనక్స్‌లో ఈ ఇగ్నోర్ ఎగ్జెక్ దాటి కూడా వెళుతుంది, అంటే మీ చెవుడు మీరు నడిపే ప్రోగ్రాములకీ అంటుకుంటుంది. వాటిని రాసినవాడు తన కోడ్‌లో తప్పు వెతుక్కుంటూ జుట్టు పీక్కుంటాడు.

సిగ్‌చైల్డ్‌కి హ్యాండ్లర్ రాసే బుద్ధిమంతులు కూడా సగం మంది తప్పే రాస్తారు. సిగ్నల్ వచ్చినప్పుడల్లా ఒక్క వెయిట్. ఈ సిగ్నల్ క్యూలో నిలబడదు మహాప్రభో! ముగ్గురు పిల్లలు ఒకేసారి పోతే ఒక్క సిగ్నలే రావచ్చు, ఒకడిని తీసి ఇద్దరిని వదిలేస్తారు. నోహ్యాంగ్ పెట్టి, ఇంక ఎవరూ లేరనేదాకా వెయిట్‌పిడ్‌ని లూపులో తిప్పాలి. టెస్టింగ్‌లో ఇది దొరకదు, అక్కడ పిల్లలు తీరిగ్గా ఒక్కొక్కరే పోతారు కాబట్టి.

"ఇదంతా సీ కాలం గోల, మేం కొత్త లాంగ్వేజీల్లో రాస్తాం, అదే చూసుకుంటుంది" అంటారు. ఏం చూసుకుంటుంది? పైథాన్ సబ్‌ప్రాసెస్ రన్ పిల్ల కోసం ఆగుతుంది గానీ చెక్ అనేది డిఫాల్టుగా ఫాల్స్. పిల్ల ఒకటితో పోయినా, 139తో పోయినా మీ ప్రోగ్రాము కిమ్మనకుండా కింది లైనుకి వెళ్ళిపోతుంది. గో లో స్టార్ట్ అని పిలిచి వెయిట్ మరిచారా, పాతకాలపు జాంబీయే. నోడ్ చీటీని తెస్తుంది, చదవాల్సింది మీరే. లాంగ్వేజి చెయ్యగలిగింది ఆగడం వరకే. అడగడం మన పనే.

అడిగినా జాగ్రత్తగా చదవాలి. ఎగ్జిట్‌కి మీరు ఎంత పెద్ద సంఖ్య ఇచ్చినా వెయిట్ ద్వారా పేరెంట్‌కి చేరేది కింది ఎనిమిది బిట్లే. ఎన్ని టెస్టులు ఫెయిలైతే అంత సంఖ్య ఎగ్జిట్ కోడ్‌గా ఇచ్చే రన్నర్ ఒకటి చూశాను నేను. 255 ఫెయిలైతే ఎరుపు. 256 ఫెయిలైతే సున్నా, పచ్చ! ఇంకొకటి, షెల్లో 137 కనిపిస్తే అది ప్రోగ్రాము చెప్పిన మాట కాకపోవచ్చు, 128కి 9 కలిపితే 137, సిగ్నల్ 9తో ఎవరో చంపారని. ఎక్కువసార్లు మెమరీ చాలక కెర్నెల్ చంపి ఉంటుంది. దాన్ని "అప్లికేషన్ ఎర్రర్" అని రాసేసి టికెట్ మూసేసేవాళ్ళకి ఏం చెప్పాలి?

కంటైనర్లొచ్చాక ఈ జబ్బు ఇంకా ముదిరింది. డాకర్‌లో మన అప్లికేషన్‌ని నేరుగా నడిపితే దానికి పిడ్ 1 వస్తుంది. పిడ్ 1 అంటే హోదా కాదు, బాధ్యత. ఆ కంటైనర్లో దిక్కులేని ప్రతి ప్రాసెస్సూ దాని ఒళ్ళో పడుతుంది, పోయినప్పుడు చీటీ తీసుకోవాల్సింది అదే. మన జావా అప్లికేషన్‌కి ఆ సంగతే తెలియదు. తన ఫోర్క్ చేసిన షెల్ స్క్రిప్టు వెనక ఎవరిని వదిలేసి పోయిందో దానికేం తెలుసు? వారాల తరబడి పేరుకుని పేరుకుని ఒకరోజు ఫోర్క్ "రిసోర్స్ టెంపరరీలీ అన్‌అవైలబుల్" అంటుంది. అప్పుడు మనవాళ్ళు చేసేది... రీస్టార్ట్! దాన్నే వారానికోసారి క్రాన్‌లో పెట్టేసి "పర్మనెంట్ ఫిక్స్" అని మెయిల్ కొట్టిన మహానుభావులు నాకు స్వయంగా తెలుసు.

2017 జనవరిలో వచ్చిన డాకర్ 1.13 నుంచీ రన్ కమాండ్‌కి ఇనిట్ అనే ఫ్లాగ్ ఉంది. అది పెడితే టినీ అనే చిన్న ప్రోగ్రాము పిడ్ 1గా కూర్చుని అనాథల సంగతి చూసుకుంటుంది. ఒక్క మాట అదనం, అంతే. కానీ అది పెట్టేశాం కదా అని నిశ్చింతగా ఉండకండి. టినీ చూసుకునేది అనాథలని మాత్రమే. మీ అప్లికేషన్ తానే కన్న పిల్లలని పట్టించుకోకపోతే, పేరెంట్ బతికే ఉంది కాబట్టి ఆ జాంబీలు టినీ దగ్గరికి రానే రావు. కన్నవాళ్ళు బతికుండగా దత్తత కుదరదు మరి.

ఇంటర్వ్యూలో నేనిప్పుడు జాంబీకీ ఆర్ఫన్‌కీ తేడా అడగడం మానేశాను. కాగితం మీద నా పాత బ్యాకప్ స్క్రిప్టు రాసిచ్చి, మెయిల్ వచ్చింది, బ్యాకప్ ఉందా అని అడుగుతున్నాను. ఇప్పటిదాకా చాలామంది "ఉంది" అన్నారు. ఒకమ్మాయి మాత్రం & దగ్గర వేలు పెట్టి "వీటి పిడ్డులు ఎక్కడ దాచారండీ?" అంది. వెంటనే తీసుకున్నాం.

అన్నట్టు, మొన్న శనివారం మా ఇప్పటి ప్రాజెక్టులో ఉత్తి వెయిట్‌లు ఎన్ని ఉన్నాయో వెతికాను. పదకొండు దొరికాయి. వాటిలో రెండు, ఆ బ్యాకప్ గొడవ జరిగాక నేను రాసినవే.