కొట్టం పక్కన పసివాడు

పల్నాడు జిల్లా నూజెండ్ల వైపు పల్లెల్లో గేదెల కొట్టం ఇంటికి ఆనుకునే ఉంటుంది. పేడ ఎత్తే తల్లి వెనకాలే పసివాడూ తిరుగుతాడు. ‘మురికి, పో’ అని కసురుతాం. అంత కంగారు అక్కర్లేదు.

అమెరికాలోని ఆమిష్, హట్టరైట్ సమాజాలు రెండూ వ్యవసాయదారులవే, మూలాలూ దగ్గరివే. ఆమిష్ పిల్లలు పశువుల పాకల్లో మసలుతారు. హట్టరైట్ల పశువులు ఇళ్లకు దూరంగా, యంత్రాలతో నడిచే పెద్ద క్షేత్రాల్లో ఉంటాయి. 2016 నాటి అధ్యయనం పేర్కొన్న లెక్కల్లో ఆస్తమా ఆమిష్ పిల్లల్లో 5 శాతం, హట్టరైట్ పిల్లల్లో 21 శాతం. ఆమిష్ ఇళ్ల దుమ్ములో బ్యాక్టీరియా నుంచి వచ్చే ఎండోటాక్సిన్ దాదాపు ఏడు రెట్లు ఎక్కువ.

బ్యాక్టీరియా మేలు చేయగలదనడానికి మన దగ్గరా ఒక ఆధారం ఉంది. పొరుగున ఒడిశా పల్లెల్లో 4,500 మందికి పైగా నవజాత శిశువులపై పరీక్ష జరిగింది. కొందరికి మేలుచేసే బ్యాక్టీరియాను వారం రోజులు నోటిద్వారా ఇచ్చారు. 2017లో వెలువడిన ఫలితాల్లో వారికి శ్వాసకోశ ఇన్ఫెక్షన్లు మూడోవంతు తగ్గాయి.

అలాగని మురుగునీళ్లు మందు కావు. పేడ దుమ్ము వేరు, పిడకల పొగ వేరు. ఆ పొగ పసివాళ్లకు న్యుమోనియా ముప్పు పెంచుతుంది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ దీపం-2 పథకం కింద ఏడాదికి మూడు వంటగ్యాస్ సిలిండర్లు ఉచితం. అర్హులైన తల్లులు అవి వదులుకోకూడదు, బిడ్డల టీకాలూ వాయిదా వేయకూడదు.