గోళ్ళరంగులో లేనిదేమి? ఉన్నదేమి?

రంగులకు పేర్లు పెట్టుట ఒక విద్య. తెలుగువారు ఆ విద్యలో ఏనాడో ఆరితేరినవారు. చిలకపచ్చ, నెమలికంఠము, వంగపండు, ఉల్లిపొర, మామిడిపిందె - ఈ పేర్లన్నియు పెరటిలోనో పొలములోనో పుట్టి చీరెల అంచులమీది కెక్కినవి. పేరు చెవిని పడగానే వస్తువు కన్నులకు కట్టును. అమెరికాలో గోళ్ళరంగుల వర్తకులు ఈ విద్యను మరియొక త్రోవకు మళ్ళించిరి. 1932లో ప్రారంభమైన రెవ్లాన్ సంస్థ 1946లో ‘చెర్రీస్ ఇన్ ది స్నో’ అను ఎరుపును, 1952లో ‘ఫైర్ అండ్ ఐస్’ అను మరియొక ఎరుపును అంగడికి తెచ్చెను. మంచులో చెర్రీపండ్లు, నిప్పును మంచును! ఈ పేర్లు రంగును చూపుటకంటె కోరికను లేపుటకే పుట్టినవి.

కోరికను లేపుటలో నేరమేమియు లేదు. అలంకారము మనిషికి సహజము. కాని పేరుకు అంత కవిత్వము ఖర్చుచేసిన సీసా తనలోని పదార్థమును గురించి ఏ భాషలో మాటాడుచున్నది? విచారింపవలసిన విషయ మిదియే.

గోళ్ళరంగు స్థూలముగా అయిదు వస్తువుల కూడిక. గోటిపై పొరగా నిలుచునది నైట్రోసెల్యులోజ్. ప్రత్తిలోను కలపలోను ఉండు సెల్యులోజును నత్రికామ్లముతో మార్చగా వచ్చున దిది. 1846లో స్విట్జర్లండునందలి బాసెల్ నగరమున షోన్‌బైన్ అను శాస్త్రజ్ఞుడు దీనిని ప్రేలుడుపదార్థముగా ప్రచారములోనికి తెచ్చెను. తరువాత సినిమా ఫిలిమునకును, 1920 దాటిన పిమ్మట మోటారుకార్లపై పూయు రంగులకును ఇదియే ఆధారమైనది. గోళ్ళరంగు ఆ కార్లరంగుకు దగ్గర చుట్టము. రెండవది, దీనిని కరిగించు ద్రావకము - ఈథైల్ అసిటేట్, బ్యూటైల్ అసిటేట్ వంటివి. సీసాలో హెచ్చుభాగము ఇవియే. పూసిన కొద్ది నిమిషములలో ఆవిరియై గాలిలో కలియునవియు ఇవియే. మూడవది, పొర పెళుసై రాలిపోకుండ మెత్తదనమిచ్చు ప్లాస్టిసైజరు. దేవుని హారతిలో వెలుగు కర్పూరము కూడ ఈ పనికి వచ్చును. 1870 ప్రాంతమున అమెరికాలో హయట్ సోదరులు నైట్రోసెల్యులోజును కర్పూరముతో కలిపియే సెల్యులాయిడును తయారు చేసిరి. నాలుగవది, గోటికి పట్టునిచ్చి మెరపించు రెజిన్. అయిదవది రంగుపొడి - ఐరన్ ఆక్సైడులు, టైటానియం డయాక్సైడ్, అభ్రకపుపొడి, కృత్రిమవర్ణములు.

ముదురెరుపునకును లేతగులాబికిని గల భేదమంతయు చాలవరకు ఈ అయిదవ వస్తువులోనిదే. తక్కిన నాలుగును ఒక కంపెనీ శ్రేణిలో సాధారణముగా ఒక్కటే. కనుక లేతరంగు క్షేమమనియు ముదురురంగు ప్రమాదమనియు తలచుట ఆధారము లేని నమ్మకము. రంగే లేక గాజువలె మెరయు పూతలో సయితము ద్రావకము ద్రావకమే.

ఇక సీసామీది భాష. ఒక కంపెనీ పదులకొలది చాయలు అమ్మునప్పుడు ప్రతి చాయకును వేరు పట్టిక అచ్చువేయుట అరుదు. అన్నిటికి సామాన్యమైన పదార్థములను వరుసగా చెప్పి, చివర ‘ఉండవచ్చును’ అని వ్రాసి, ఆ శ్రేణిలో వాడు రంగుపదార్థములన్నిటిని ఒకచోట పేర్కొనును. అమెరికాలోను ఐరోపాలోను ఇందుకు చట్టము సమ్మతించినది. ఫలితమేమనగా, చేతిలోని సీసా రంగు పేరు చక్కగా తెలియును. ఆ రంగు దేనివలన వచ్చినదో మాత్రము తెలియదు.

‘ఉండవచ్చును’ తరువాతి మాట ‘లేదు’. దీనికి ఒక చరిత్ర కలదు. టాలూయిన్, ఫార్మాల్డిహైడ్, డైబ్యూటైల్ థాలేట్ అను మూడింటిని అమెరికాలో ఉద్యమకారులు విషత్రయముగా ఎంచిరి. టాలూయిన్ ద్రావకము; దాని ఆవిరి హెచ్చుగా పీల్చినచో తలనొప్పి, తలతిరుగుడు కలుగును, నరముల వ్యవస్థకు హాని చేయును. ఫార్మాల్డిహైడ్ కన్నులను గొంతును మండించును. అంతర్జాతీయ కాన్సరు పరిశోధనసంస్థ 2004లో దానిని మానవులలో కాన్సరు కలిగించువానిలో చేర్చినది. డైబ్యూటైల్ థాలేట్ ప్లాస్టిసైజరు. సంతానోత్పత్తికి, గర్భస్థశిశువునకు హానికరమని నిర్ణయించి ఐరోపా సంఘము 2004లో సౌందర్యసాధనములనుండి దానిని బహిష్కరించినది. 2006 ప్రాంతమున అమెరికాలో పెద్ద కంపెనీలును వెనుకకు తగ్గినవి. ఉద్యమము ఫలించినది, అది నిస్సంశయముగా మేలు. అటుపిమ్మట సీసాలమీద ‘మూడు లేవు’ అను ప్రకటన వెలసినది. మూడు అయిదైనది, అయిదు ఏడైనది, ఏడు పదియైనది. లెక్క పెరిగినకొద్ది క్షేమము పెరిగినట్లు కొనువారికి తోచెను.

ఆ ‘లేదు’ ఎంతవరకు నిజము? కాలిఫోర్నియా రాష్ట్రమున విషపదార్థ నియంత్రణశాఖ 2012లో దీనికి సమాధానము చెప్పినది. శాన్‌ఫ్రాన్సిస్కో ప్రాంతమున గోళ్ళు దిద్దు దుకాణములకు సరఫరాయగు 25 సరకులను ఆ శాఖ పరీక్షించెను. టాలూయిన్ లేదని చెప్పుకొనిన 12 సరకులలో పదింటిలో టాలూయిన్ కనబడినది. మూడును లేవని చాటుకొనిన ఏడింటిలో అయిదింట ఆ మూడింటిలో ఒకటియో అంతకుమించియో చెప్పుకోదగిన పరిమాణములో తేలినవి. ‘లేదు’ అను మాటను ఎవరును పరీక్షింపనిచో అది వాగ్దానము కాదు, వట్టి ప్రకటన.

మాట నిజమైనచోటను చిక్కు తీరలేదు. తీసివేసిన వస్తువు చేసెడి పని మిగిలియే యుండును గదా! పొరకు మెత్తదన మిచ్చుటకు డైబ్యూటైల్ థాలేట్ పోయినచోట మరియొకటి రావలెను. పలుచోట్ల వచ్చినది ట్రైఫినైల్ ఫాస్ఫేట్. మంటలంటుకొనకుండ ప్లాస్టిక్కులలో వాడు పదార్థమే యిది. డ్యూక్ విశ్వవిద్యాలయమువారును ఎన్విరాన్‌మెంటల్ వర్కింగ్ గ్రూప్ అను సంస్థవారును 2015లో ప్రకటించిన పరిశోధనలో పది గోళ్ళరంగులను పరీక్షింపగా ఎనిమిదింట అది కనబడినది. ఆ ఎనిమిదింటిలో రెంటి పట్టికలో దాని పేరే లేదు. అదే పరిశోధనలో 26 మంది గోళ్ళకు రంగు వేసికొనిరి. 10 మొదలు 14 గంటల తరువాత వారి మూత్రములో ఆ పదార్థపు అవశేషము దాదాపు ఏడు రెట్లు పెరిగినది. కొందరు చేతితొడుగులకు అంటించిన కృత్రిమపు గోళ్ళకు రంగువేసి చూడగా అట్టి పెరుగుదల కనబడలేదు. కనుక అది ముక్కుద్వారా కంటె వ్రేళ్ళద్వారానే హెచ్చుగా లోనికి పోవుచున్నదని తేలినది. అవశేషము పెరుగుట రోగమునకు రుజువు కాదు, నిజమే. కాని ‘మూడు లేవు’ అను సీసా కొన్నవారు నాలుగవదానిని అడుగలేదు గదా!

2018లో హార్వర్డు పరిశోధకులు రకరకముల ప్రకటనలు గల 40 గోళ్ళరంగులను పరిశీలించి, ‘ఇన్ని లేవు’ అను లెక్కకు ఒక ప్రమాణమే లేదని చూపిరి. ఒక కంపెనీ పదింటికిని మరియొక కంపెనీ పదింటికిని పొంతన లేదు. కొన్ని జాబితాలలో గోధుమపదార్థము లేదనియు, జంతుసంబంధమైనది లేదనియు చేర్చి లెక్క పెంచిరి. నేతిబీరకాయలో నేయి లేదని చాటుటవంటి దిది.

ఇటీవలి గట్టిపూతల సంగతియు ఇట్టిదే. జెల్ అను పూత ద్రావకము ఎండుటచేత గాక, అతినీలలోహిత కాంతి సోకుటచేత గట్టిపడును. ఆ చర్యను ప్రారంభించు ట్రైమిథైల్‌బెంజాయిల్ డైఫినైల్‌ఫాస్ఫీన్ ఆక్సైడ్ అను పదార్థమును ఐరోపా సంఘము 2025 సెప్టెంబరు 1 నుండి సౌందర్యసాధనములలో నిషేధించినది. మొదటి ‘మూడు లేవు’ జాబితాలో ఈ పేరు లేదు. ‘లేదు’ అను మాట ఎప్పుడును నిన్నటి శత్రువును గురించియే చెప్పును.

ఇంతకును ఈ హాని ఎవరిది? పండుగకో పెండ్లికో ఒకసారి గోళ్ళకు రంగు వేసికొను యువతికి కలుగు అపాయము స్వల్పము. విషమును నిర్ణయించునది మోతాదు. ఆమెను భయపెట్టి అద్దము ముందునుండి లేపుట వైద్యమును కాదు, నీతియు కాదు. కాని ఆమె చేయి పట్టుకొని రంగు వేయు మరియొక స్త్రీ కలదు. ఆమెకు రోజుకు ఒక చేయి కాదు. ఉదయమునుండి రాత్రివరకు వచ్చిన చేతులన్నియు ఆమెవే. ద్రావకముల ఆవిరి ఆమె ముఖమునకు జానెడుదూరములో లేచును. మోతాదు వాదము మొదటి స్త్రీకి ఎంత అభయమో రెండవ స్త్రీకి అంత హెచ్చరిక.

అమెరికాలో ఆ రెండవ స్త్రీ చాలచోట్ల వియత్నాము దేశీయురాలు. 1975లో సైగాన్ పతనానంతరము కాలిఫోర్నియాకు చేరిన శరణార్థులకు తోడ్పడుటకు ‘ది బర్డ్స్’ చిత్రనటి టిప్పీ హెడ్రన్ పూనుకొని, ఇరువదిమంది వియత్నాము స్త్రీలకు గోళ్ళు దిద్దుపని నేర్పించెను. భాష రానివారికి ఆ పని కూడుపెట్టినది. ఒకరినుండి ఒకరికి ప్రాకి ఒక జాతి వృత్తిగా స్థిరపడినది. ఆ వృత్తినుండియే రక్షణోద్యమమును పుట్టినది. విషత్రయము లేని సరకులు వాడు దుకాణములను గుర్తించి గౌరవించు ఏర్పాటును శాన్‌ఫ్రాన్సిస్కో నగరము 2010లో ఆమోదించెను.

అయినను ఒక వింత చాలకాలము సాగినది. ఇంటికి కొని తెచ్చుకొను సీసాపై పదార్థముల పట్టిక ఉండవలెనని అమెరికా చట్టము. వృత్తివారు దుకాణములో వాడు సీసాకు అప్పట్లో ఆ నిర్బంధము లేకుండెను. అనగా నెలకొకసారి వాడునది చదువుకొనుటకు వీలుండెను. దినమంతయు పీల్చునది చదువుకొనుటకు వీలులేకుండెను. కాలిఫోర్నియా 2018లో శాసనముచేసి, 2020 జూలై 1 నుండి వృత్తివారి సరకులపైనను పట్టిక ఉండవలెనని ఆదేశించినది. ఆ శాసనము ఏ పదార్థమును నిషేధింపలేదు. ఉన్నది ఉన్నట్లు చెప్పుమన్నది, అంతే. నిషేధములకంటె ఒకొకప్పుడు ఇదియే పెద్ద మేలు.

దీనికి ఎదురుగా కొందరు చెప్పుమాట ఒకటి కలదు: రసాయనములు విడిచి ప్రకృతిసిద్ధమైనవి వాడుడు, చిక్కు తీరునని. చెరకునుండి తీసిన ఈథైల్ అసిటేటుకును కర్మాగారములో చేసిన ఈథైల్ అసిటేటుకును అణువులో భేదము లేదు; ఆవిరియు ఒక్కటే. తెలుగునాట ఆషాఢమాసమున గోరింటాకు పెట్టుకొనుట చిరకాలపు వేడుక. రోటిలో రుబ్బిన పచ్చియాకు నిచ్చునది నారింజవన్నె తిరిగిన ఎరుపు, నలుపు కాదు. నిమిషములలో నల్లగా పండునని అమ్ము కొన్ని గొట్టములలో పారాఫినైలీన్‌డయమీన్ అను జుట్టురంగు పదార్థము కలుపుదురు. దానివలన చర్మము పొక్కినవారు కలరు. ‘ప్రకృతి’ అను మాటయు ‘లేదు’ అను మాటవంటిదే; వెనుక పట్టిక లేనిచో రెండును నోటిమాటలే.

మేలైన గోళ్ళరంగు లేకపోలేదు. ప్లాస్టిసైజరుగా నిమ్మయామ్లమునుండి చేసిన సిట్రేటు ఎస్టరును వాడువారు కలరు. ద్రావకమునకు బదులు నీటిని ఆధారముగా చేసికొన్న రంగులు కలవు. అవి త్వరగా రేగిపోవును గాని ఘాటువాసన తక్కువ. గాలి ధారాళముగా వచ్చు కిటికీ, మూతపెట్టిన సీసా, మూతగల చెత్తబుట్ట, సరియైన చేతితొడుగులు - ఇవి ఏ ప్రకటనకును తీసిపోని రక్షణలు. వీనిలో దేనినైనను ఎన్నుకొనుటకు మొదట కావలసినది చదువుట.

ఇచ్చట పాఠశాలకు పని కలదు. పదవతరగతి విద్యార్థిని ఎస్టరు అను మాటను పరీక్షకై వల్లించును. తన వ్రేలి చివరినుండి వీచు తీయని ఘాటువాసన ఎస్టరుదేనని ఎవరును చెప్పరు. ఒక సీసాను తరగతికి తెచ్చి, దానిమీది పట్టికను నల్లబల్లపై వ్రాసి, ఇది కరిగించునది, ఇది మెత్తబరచునది, ఇది రంగిచ్చునది అని విడదీసి చూపుట ఒక గంటపని. పట్టికయే లేని చవుకసీసా దొరికినచో అదియు ఒక పాఠమే. సౌందర్యవృత్తిలో శిక్షణ పొందు బాలికలకైతే ఆ పాఠము మరింత ముఖ్యము. రంగులు కలుపుట నేర్పినవారు గాలి మసలుట కూడ నేర్పవలెను. రేపు ఆ ఆవిరిని దినమంతయు పీల్చువారు వారే.

రంగులకు ఎంత అందమైన పేర్లయినను పెట్టుకొనవచ్చును. ‘ఉండవచ్చును’ అని తప్పించుకొనుటయు, ‘లేదు’ అని మురిపించుటయు చాలును. సీసా చెప్పవలసిన మాట ‘ఉన్నది’ అనునది. ఏది ఉన్నదో వరుసగా, కంటికి ఆను అక్షరములలో వ్రాసి, ఆ వ్రాత నిజమో కాదో ప్రభుత్వము పరీక్షించిననాడు క్షేమమైన గోళ్ళరంగు ఏదో చదువనేర్చిన ప్రతి బాలికకును తానే తేల్చుకొనుటకు వీలగును.