ఎర్ర మూత, నారింజ మూత

మందుల షాపులో దొరికే ఇన్సులిన్ సిరంజిలు రెండు రకాలు. ఎర్ర మూతది మిల్లీలీటరుకు 40 యూనిట్లుండే సీసాకి, నారింజ మూతది 100 యూనిట్లుండే మందుకి. మూత మారితే లెక్క తప్పినట్టే. 40 సీసాలోంచి నారింజ మూత సిరంజితో పదో గీత దాకా లాగితే పిల్లాడి ఒంట్లోకి వెళ్ళేది నాలుగు యూనిట్లే. 100 మందును ఎర్ర మూత సిరంజితో లాగితే పదికి బదులు ఇరవై ఐదు వెళ్తాయి. షుగర్ ఒక్కసారిగా పడిపోయి స్పృహ తప్పవచ్చు, ఫిట్స్ రావచ్చు. టైప్-1 డయాబెటిస్ వచ్చిన బిడ్డను ఇంటికి తీసుకెళ్ళేలోపు తల్లికి ఈ సంగతి వచ్చి తీరాలి. జ్వరమొచ్చి అన్నం ముట్టనప్పుడు కూడా ఇన్సులిన్ ఎందుకు ఆపకూడదో, ఫ్రిజ్ లేని ఇంట్లో మే నెల ఎండల్లో సీసాను తడి మట్టికుండలో ఎలా దాచాలో కూడా తెలియాలి. కిటకిటలాడే ఓపీలో అయిదు నిమిషాల్లో అయ్యే పని కాదు. చేసి చూపించాలి, ఆమె చేత చేయించాలి, తప్పు చేస్తే మళ్ళీ చేయించాలి. అలా నేర్పగలిగే నర్సు మన ప్రభుత్వాసుపత్రుల్లో ఎందరున్నారు? ఆ నర్సుకు నేర్పవలసింది ఎవరు? పిల్లల హార్మోన్ జబ్బుల విషయంలో ముందు అడగాల్సిన ప్రశ్న ఇదేనని నేను నమ్ముతున్నాను.

హైదరాబాద్‌లో మన్సూరాబాద్, ఎల్బీనగర్ చుట్టుపక్కల ప్రైవేటు ఆసుపత్రులకు కొదవ లేదు. పేదవాడి బిడ్డకు పెద్దాసుపత్రి అంటే మాత్రం ఇప్పటికీ నిలోఫరే. ఒళ్ళు తూలుతున్న పిల్లను భుజాన వేసుకుని మెట్రో ఎక్కి, లక్డీకాపూల్‌లో దిగి, రెడ్‌హిల్స్ దాకా వెళ్ళాలి. విజయవాడ హైవే మీదుగా నల్లగొండ, సూర్యాపేట నుంచి వచ్చేవాళ్ళకు నగరం మొదలయ్యేది ఎల్బీనగర్ దగ్గరే. ఆ దారిలోనే, ఒకప్పుడు కొత్తపేట పండ్ల మార్కెట్ ఉండినచోట వెయ్యి పడకల టిమ్స్ ఆసుపత్రికి 2022 ఏప్రిల్‌లో శంకుస్థాపన చేశారు. పడకలెన్ని, అంతస్తులెన్ని అన్న మాటలు చాలా విన్నాం. పిల్లల ఎండోక్రైనాలజీకి, అంటే హార్మోన్ జబ్బుల వైద్యానికి, అందులో ఒక ప్రొఫెసర్ పోస్టు, ఇద్దరు ముగ్గురు అసిస్టెంట్ ప్రొఫెసర్లు, డయాబెటిస్ పాఠం చెప్పే నర్సులు, ఒక డైటీషియన్ ఉండాలని నా వాదన. వారానికోసారి వచ్చి చీటీ రాసి వెళ్ళే కన్సల్టెంట్ చాలడు. బోధించే బాధ్యత ఉన్న విభాగం కావాలి.

ఇలాంటి విభాగం ఏం చేయగలదో ఇటలీలోని పార్మా చూపించింది. పిల్లల్లో షుగర్ మొదట బయటపడేది చాలాసార్లు ప్రాణం మీదికి వచ్చాకే. విపరీతమైన దాహం, ఏళ్ళ క్రితమే మానేసిన పక్క తడపడం మళ్ళీ మొదలవడం, చిక్కిపోవడం, ఆ తర్వాత వాంతులు, కడుపునొప్పి, ఆయాసం. ఆయాసం చూసి నిమోనియా అంటారు, కడుపునొప్పి చూసి అపెండిక్స్ అంటారు. పార్మా విశ్వవిద్యాలయ పిల్లల విభాగం వైద్యులు 1991లో బడుల్లో, పిల్లల డాక్టర్ల గదుల్లో పోస్టర్లు పెట్టించారు. అప్పటిదాకా కొత్తగా జబ్బు బయటపడిన పిల్లల్లో 78 శాతం మంది ఆ ప్రమాదకర స్థితిలోనే వస్తుండగా, కొన్నేళ్ళలోనే అది 12.5 శాతానికి దిగింది. పోస్టరుకు పెద్ద ఖర్చేం కాదు. దాన్ని తయారుచేసి, పంతుళ్ళకూ డాక్టర్లకూ వివరించి, ఫలితాన్ని ఏళ్ళ తరబడి లెక్కపెట్టే మనుషులు ఒకచోట స్థిరంగా ఉండటమే అసలు విషయం.

పిల్లల హార్మోన్ జబ్బులు అరుదైనవి, మన ఆసుపత్రులకు ఇంతకన్నా పెద్ద బరువులున్నాయి అనేవారున్నారు. అంతర్జాతీయ డయాబెటిస్ సమాఖ్య 2021 అంచనాలో మన దేశంలో ఇరవై ఏళ్ళలోపు టైప్-1 బాధితులు 2 లక్షలు దాటారు. అదలా ఉంచి, మన ఊరి లెక్కే చూద్దాం. హైదరాబాద్‌లోని నాలుగు ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రుల్లో పుట్టిన 18,300 మంది శిశువులను పరీక్షించిన అధ్యయనం 2004లో వెలువడింది. పుట్టుకతోనే థైరాయిడ్ లోపం 1,700 మందిలో ఒకరికి కనిపించింది. మడమ నుంచి తీసే నాలుగు చుక్కల రక్తంతో ఇది తెలుస్తుంది. మందు చవకైన మాత్ర. రెండు వారాల్లోపు మొదలుపెడితే బిడ్డ అందరిలా చదువుకుంటుంది. నెలలు గడిచాక మొదలుపెడితే పోయిన తెలివి తిరిగి రాదు. ఇంత సులువైన వైద్యం అందక ఒక్క బిడ్డ మందబుద్ధిగా మిగిలినా దాన్ని అరుదు అని ఎలా సరిపెట్టుకుంటాం?

ఉస్మానియాలో, నిమ్స్‌లో ఎండోక్రైనాలజీ విభాగాలున్నాయి కదా, వాళ్ళు చూడరా అన్నది మరో ప్రశ్న. చూస్తారు, వాళ్ళ తోడు లేకుండా ఈ శిక్షణ సాగదు కూడా. కానీ రెండేళ్ళ పిల్లకు అర యూనిట్ తేడా కూడా ముఖ్యమే. ప్రమాద స్థితిలో వచ్చిన బిడ్డకు సెలైన్ ఎంత, ఎంత వేగంగా ఎక్కించాలో తెలియకపోతే మెదడు వాచే ప్రమాదముంది. ఈడు వచ్చే వయసులో ఇన్సులిన్ అవసరం పెరుగుతూ పోతుంది. ఇవి పిల్లల వార్డులోనే, పిల్లల మధ్యే నేర్చుకోవాల్సినవి. ఈ విద్యలో డీఎం చేయాలంటే చండీగఢ్ పీజీఐ వంటి కొద్ది సంస్థలే దిక్కు.

గట్టి అభ్యంతరం ఇంకొకటుంది. అంత చదివినవాళ్ళు ప్రభుత్వ జీతానికి నిలుస్తారా? కొందరు నిలవరు, అది నిజమే. అందుకే ఆ ఒక్క నిపుణుడి మీదే ఆశ పెట్టుకోవద్దంటున్నాను. ఆ విభాగంలో రెండు నెలలు పనిచేసిన పీడియాట్రిక్స్ పీజీ రేపు నల్లగొండలోనో సూర్యాపేటలోనో డ్యూటీలో ఉంటాడు. వాంతులతో ఆయాసపడుతున్న పిల్లను చూడగానే ముందు వేలికి సూది గుచ్చి షుగర్ చూస్తాడు. ప్రొఫెసర్ వెళ్ళిపోయినా, ఆయన దగ్గర నేర్చుకున్న నర్సు కొత్తగా వచ్చిన తల్లికి ఏ సీసాకి ఏ మూత సిరంజో చేసి చూపిస్తూనే ఉంటుంది.