ఆటకో వేళా పాళా

“బడికి పంపింది ఆడుకోవడానికా?” అనే మాట మన యిళ్లలో కొత్తదేమీ కాదు. న్యూజిలాండులోని ఆక్లండు నగరంలోనూ యిదే మాట వినిపిస్తుంది. అనేవారు సమోవా, టోంగా, నియువే, కుక్ దీవులనుంచి వెళ్లి అక్కడ స్థిరపడిన కుటుంబాల పెద్దలు. రెండో ప్రపంచయుద్ధం తర్వాత ఫ్యాక్టరీ పనులకని వలస వెళ్లినవారి సంతతి యివాళ లక్షల్లో వుంది. అందరినీ కలిపి ‘పసిఫికా’ ప్రజలంటారు. పేరు ఒకటైనంత మాత్రాన భాషా ఆచారమూ ఒకటే అనుకోకండి. ఒకప్పుడు ఉత్తరాదివారు మనల్నందర్నీ ‘మద్రాసీ’లని తేల్చేసినట్టవుతుంది!

ఆ దేశంలో పసిపిల్లల చదువుకు 1996లో ఒక పాఠ్యప్రణాళిక వచ్చింది. 2017లో దాన్ని సవరించారు. పేరు ‘తే ఫారికి’. ఫారికి అంటే మావోరీ భాషలో అల్లిన చాప. ఆటే పసివాడి చదువని ఆ ప్రణాళిక నమ్ముతుంది. పిల్లవాడు తనకు నచ్చిన ఆట తానే యెంచుకుంటాడు, ప్రశ్నలు వేస్తాడు; టీచరు నేలమీద కూర్చుని వాడితో ఆడుతుంది.

సమోవా నాయనమ్మకు యిది వింతగా తోస్తుంది. ఆటంటే ఆవిడకు గిట్టదని కాదు సుమా! వారి పల్లెల్లో ఆట పిల్లలకూ పిల్లలకూ మధ్య వ్యవహారం. అక్క చంకలో చెల్లి, అన్న వెంట తమ్ముడు. పెద్దలు కూర్చున్నచోట పిల్లవాడు నడుం వంచి, ‘తులౌ’ అని మన్నింపు కోరుతూ దాటిపోవాలి. నేర్చుకోవడమంటే చూడడం, వినడం, చిన్న చిన్న పనులందుకోవడం. ఫాదిరీగారి బడిలో గోడకు అక్షరాల పటం వుంటుంది. దాన్ని ‘పి తౌతౌ’ అంటారు. బొమ్మా అక్షరమూ చూస్తూ పిల్లలంతా ఒక్క గొంతుతో వల్లెవేస్తారు. గుణింతాలు వల్లించి పెరిగిన మనకు యిది వేరే విప్పి చెప్పాలా?

చిక్కంతా మాటలో వుందని నాకనిపిస్తుంది. తెలుగువాడికి ‘ఆట’ చాలా పెద్ద మాట. గోలీలాడినా ఆటే, తోలుబొమ్మలదీ ఆటే, సినిమాకు వెళితే అదీ మొదటి ఆటే. సమోవా భాషలో ‘తాఅలో’ అంటే ఆడుకోవడం. నృత్యానికి ‘సివా’, పాటకు ‘పేసే’ అని మాటలు విడివిడిగా వున్నాయి. అక్టోబరు రెండో ఆదివారం అక్కడ పిల్లల పండుగ. తెల్లబట్టలు తొడుక్కుని చర్చిలో వాక్యాలు అప్పజెబుతారు, చిన్న నాటకాలు వేస్తారు. మామూలు రోజుల్లో పెద్దల తర్వాత తినే పిల్లలకు ఆ రోజు మొదటి విస్తరి. ప్రణాళిక రాసినవారు చూస్తే యిదీ ఆటేనంటారు. నాయనమ్మ మాత్రం ఒప్పుకోదు; అది భక్తి, అది మర్యాద. టోంగా ఆడపిల్లలు పదం పాడుతూ కాయలు యెగరేసి పట్టే ‘హికో’ మాత్రం ఆటేనని అందరూ ఒప్పుకుంటారు. కాని అది కూడా పెద్దపిల్లల చేతులు చూసి నేర్చుకోవలసిందే.

ఇక భాష సంగతి. న్యూజిలాండులో పుట్టిన పిల్లల నోట ఆ దీవుల భాషలు సన్నగిల్లుతున్నాయి. మీ యిష్టం వచ్చినట్టు ఆడుకోండని వదిలేస్తే వాళ్లు ఆడేది యింగ్లీషులోనే. పాటా, ప్రార్థనా, వల్లెవేతా పోతే మనవడికి నాయనమ్మ మాటే అర్థంకాని రోజు వస్తుంది. ఆవిడ భయం చాదస్తం కాదు. 1980 దశకంలో సమోవావారు ‘ఆఓంగ అమాత’ పేరుతో తమ భాషలోనే శిశుశాలలు పెట్టుకోవడానికి కారణం యీ దిగులే.

టీచరు “ఆటే చదువండీ” అంటే నాయనమ్మ తలవూపుతుంది. గురువుకు యెదురుచెప్పడం ఆవిడ పద్ధతి కాదు. ఆ తలవూపు చూసి ఒప్పుకున్నదనుకునే టీచరుకు ఆవిడ సంగతి యేమీ తెలియలేదన్నమాట. వాదన కట్టిపెట్టి, ఒక పూట ఆవిడనే బడికి పిలిచి చాప అల్లించమనాలంటాను నేను. మన మొగలి జాతి ఆకే ఆ దీవుల చాపలకూ ఆధారం. చీలికలు చేతికిస్తే పిల్లలు పక్కన చేరతారు. వంకరగా అల్లినవాడికి ఆవిడ తన భాషలోనే నాలుగు చీవాట్లు పెడుతుంది. వాడూ ఆ భాషలోనే బదులు చెబుతాడు.