చెక్క కత్తి, చేర్యాల పటం

పిల్లవాడి చేతిలో బొమ్మ కత్తి, బుర్ర నిండా ఆర్థర్ రాజు. నాన్న వేదికమీద కథ చదువుతుంటే తెర వెనక వీడి యుద్ధం. విసిగిపోయిన తండ్రి చివరికి వాణ్ణి ఇంట్లో కూర్చోబెట్టుకొని ఇంకో రాజు కథ ఎత్తుకుంటాడు. ఈ రాజు పశువుల పాకలో పుట్టాడు. ఆ తండ్రి చార్లెస్ డికెన్స్, పిల్లవాడు వాల్టర్, సినిమా ‘ది కింగ్ ఆఫ్ కింగ్స్’. 2025 ఏప్రిల్ 11న, ఈస్టర్‌కు తొమ్మిది రోజుల ముందు అమెరికాలో విడుదలైన ఈ యానిమేషన్ చిత్రం మొదటి మూడు రోజుల్లోనే దాదాపు 1.9 కోట్ల డాలర్లు రాబట్టింది. 1998 నాటి ‘ది ప్రిన్స్ ఆఫ్ ఈజిప్ట్’ తొలి వారాంతపు వసూళ్లు దీని ముందు తక్కువే.

డికెన్స్ నిజంగానే తన పిల్లల కోసం క్రీస్తు కథను 1846-49 మధ్య రాసుకున్నాడు. ఇంట్లో చదివి వినిపించడానికే తప్ప అచ్చుకు కాదని కట్టడి చేశాడు. అది పుస్తకంగా వచ్చింది 1934లో, ఆయన పిల్లలంతా కన్నుమూశాక.

విశ్వాసి కంటితో చూస్తే ఈ సినిమా బలం ఆ కత్తిలోనే ఉంది. రాజంటే కత్తి దూసేవాడని నమ్మే పిల్లవాడిని, గెత్సేమనే తోటలో పేతురు దూసిన కత్తిని ఒరలో పెట్టమన్న రాజు దగ్గరికి నడిపించడం చిన్న పనేమీ కాదు. ఒక్క లోటు: అద్భుతాలకు ఇచ్చినంత చోటు ఉపమానాలకు దక్కలేదు. తప్పిపోయిన కుమారుడు, మంచి సమరయుడు లేకుండా ఈ కథ పిల్లలకు సగమే అందుతుంది.

అసలు ముచ్చట వేరే ఉంది. దర్శకుడు జాంగ్ సియాంగ్-హో కొరియా మనిషి, బొమ్మలు గీసిన స్టూడియో కూడా కొరియాదే. అయినా కథ చెప్పడానికి ఆయనకు లండన్ ఇల్లు, ఇంగ్లిషు నాన్న కావలసి వచ్చారు. పెద్ద మార్కెట్టు అడిగే సుంకం అది కావచ్చు. ఆ సుంకం మన పిల్లలూ కడుతున్నారు. జనగామ పల్లెల్లో వేసవి బైబిలు బడుల్లోనైనా, భూపాలపల్లి సింగరేణి కాలనీల్లో అమ్మ ఫోనులోనైనా కనిపించేది ‘సూపర్‌బుక్’ లాంటి డబ్బింగ్ బొమ్మలే. (ఆ ‘సూపర్‌బుక్’ మొదటిసారి పుట్టింది 1981లో, క్రైస్తవులు బహు కొద్దిమందే ఉన్న జపాన్‌లో!) డబ్బింగ్‌లో మోషే మాట్లాడే తెలుగు పాలకుర్తిలో ఎవరి నోటా వినపడదు. జాను తెనుగు కావాలని పట్టుబట్టిన కవి సోమనాథుడి ఊరు అది.

ఈ నేలకు ఇంకో అలవాటు ఉండేది, వచ్చినదాన్ని తన రూపంలోకి మార్చుకునే అలవాటు. మహబూబాబాద్ జిల్లా డోర్నకల్‌లో రైలు దిగితే ఎపిఫనీ కెథీడ్రల్ కనిపిస్తుంది. మసీదును తలపించే గుమ్మటాలు, గుడి మండపాన్ని తలపించే స్తంభాలు, నడుమ సిలువ. 1939 జనవరి 6న దాన్ని ప్రతిష్ఠించిన బిషప్ వి.ఎస్. అజరయ్య తిరునెల్వేలి తమిళుడు. 1912లో కలకత్తాలో అభిషిక్తుడైన మొదటి భారతీయ ఆంగ్లికన్ బిషప్ ఆయన. ఇంగ్లండు పద్ధతి గోపురం కట్టేసి ఊరుకుంటే ఆయనను అడిగేవాళ్లు ఎవరూ లేరు. ఆయన అలా చేయలేదు. తెలుగు కీర్తనలనూ, ఊళ్లో జనం పాడుకునే, ఆడుకునే పద్ధతులనూ ఆరాధనలోకి రానిచ్చాడు. 1978లో ‘కరుణామయుడు’ వచ్చినప్పుడు విజయచందర్‌ను పల్లెజనం యేసుగా అక్కున చేర్చుకున్నారంటే, ఆ ముఖమూ మాటా తమవి అనిపించడమూ అందుకు ఒక కారణమే.

బొమ్మలతో కథ చెప్పడం మనకు కొత్తేమీ కాదు. 2016 దాకా జనగామతో కలిసి ఒకే జిల్లాలో ఉన్న చేర్యాలలో నకాషీ చిత్రకారులు గుడ్డకు చింతగింజల అంబలి, సుద్దమట్టి పట్టించి, ఎర్రటి నేలమీద వరస వరసగా బొమ్మలు దించుతారు. గజాల కొద్దీ పటం. డక్కలి కళాకారుడు మాదిగవాడలో దాన్ని పైనుంచి కిందికి విప్పుతూ, కర్రతో ఒక్కో బొమ్మనూ చూపిస్తూ మాదిగల కులకథ జాంబపురాణం చెబుతాడు. ఒక బొమ్మ పోతుంది, ఇంకొకటి వస్తుంది, గొంతు మారుతుంది, జనం నవ్వుతారు. ఇదీ యానిమేషనే, కరెంటు లేదంతే. ఈ ప్రాంతపు క్రైస్తవ సంఘాల్లో చాలా కుటుంబాల తాతలు ఆ పటం ముందు కూర్చున్నవాళ్లే. బాప్తిస్మంతో పాటు ఆ పటాన్నీ వదిలేయడం ఒక నష్టం. అన్యాచారమని ముద్ర వేసి వదిలేయించినవాళ్లు అజరయ్య కట్టిన గుడిని ఒకసారి సరిగ్గా చూసి ఉండాల్సింది.

కోట్ల డాలర్ల సినిమా తీయమని ఎవరూ అనడం లేదు. ఒక నకాషీ చేత పది బొమ్మలు గీయించి, తప్పిపోయిన కుమారుడి కథను ఒక అవ్వతో మన యాసలో చెప్పించి, ఫోనులో కదిలించగల కుర్రాళ్లు ప్రతి మండలంలోనూ ఉన్నారు. నకాషీకి కూలి గిట్టాలి, అవ్వ పేరు తెరమీద పడాలి. వచ్చే క్రిస్మస్‌కు ఏ సండే స్కూలైనా ఈ పని మొదలుపెడితే, ఆ పది బొమ్మల్లో ఒకదాన్ని ఈ పత్రిక తన అట్టమీద వేస్తుంది. పంపండి.