కుళాయిలో ధార సన్నబడిందా?

ఎండలు ముదిరే కొద్దీ ఇంటింటా ఒకటే మాట, "నీళ్లు సన్నగా వస్తున్నాయి" అని. బోరున్న ఇల్లయితే అందరి చూపూ ముందు మోటారు మీదే పడుతుంది. మొన్న మా పక్కింటి వదినగారి ఇంట్లోనూ అదే జరిగింది. వచ్చినతను వంటింటి కుళాయి ఒకటి తిప్పి చూసి, "మోటారు పైకి తీయాలమ్మా, పైపులు కూడా పోయుంటాయి, పదిహేను వేలన్నా అవుతుంది" అనేశాడు. పాపం ఆవిడ అమ్మాయి కాలేజీ ఫీజుకని దాచిన డబ్బు తీయబోతుంటే నేనే కాసేపు ఆగమన్నాను. మేడ మీదికెళ్లి చూస్తే ట్యాంకు నిండుగా ఉంది. అదీ ఎప్పటిలాగే అరగంటలో నిండుతోందట. మరి బోరుదేం తప్పు, మీరే చెప్పండి!

బోరు నుంచి ట్యాంకుకు నీళ్లెక్కించడం వరకే మోటారు పని. ట్యాంకు నుంచి కుళాయికి నీళ్లను తోసేది ఎత్తు ఒక్కటే. ట్యాంకులో నీటి మట్టం కుళాయికి 10 మీటర్ల ఎత్తున ఉంటే చదరపు సెంటీమీటరుకు సుమారు ఒక కిలో ఒత్తిడి వస్తుంది. పై అంతస్తు షవరుకీ ట్యాంకుకీ మధ్య ఆరేడడుగులే ఉంటే అందులో అయిదో వంతే. కాబట్టి కింద వంటింట్లో బాగా వచ్చి పైన షవరు జారుతోందంటే అది చెడిపోవడం కాదు, ట్యాంకు ఎత్తు చాలకపోవడం.

వదినగారింట్లో అన్ని కుళాయిలూ ఒక్కసారే సన్నబడ్డాయి. అంటే అడ్డం అన్నిటికీ ఉమ్మడిగా ఉన్న చోట, ట్యాంకు దగ్గరే ఉండాలి కదా. అనుకున్నట్టే అక్కడి గేట్ వాల్వు చక్రం తిరుగుతోంది గానీ లోపలి పలక సగంలో దిగబడిపోయింది. కొత్త వాల్వు బిగిస్తే తీరిపోయింది. ఖర్చు వందల్లోనే.

ఒక్క కుళాయే సన్నబడితే ఇంకా తేలిక. దాని మూతి దగ్గర చిన్న జల్లెడ ఉంటుంది, మరతిప్పి ఊడదీయండి. మన బోరు నీళ్లలో ఉప్పులెక్కువ, తెల్లగా గార కట్టి కన్నాలు పూడిపోతాయి. గోరువెచ్చని నీళ్లలో రెండు చెంచాల నిమ్మ ఉప్పు వేసి గంటసేపు నానబెట్టి పాత టూత్ బ్రష్‌తో రుద్దండి. షవరుకూ ఇదే వైద్యం. నిమ్మ ఉప్పు గానీ వెనిగర్ గానీ వాడేటప్పుడు బ్లీచింగ్ పౌడరు మాత్రం దగ్గరికి రానివ్వకండి. రెండూ కలిస్తే విషవాయువు వస్తుంది.

ట్యాంకు కడిగించిన మర్నాడు నీళ్లు రాలేదంటే పైపులో గాలి నిలిచి ఉంటుంది. కింది అంతస్తు కుళాయిలన్నీ పూర్తిగా తిప్పి వదిలేయండి. బుసబుసమంటూ గాలి పోయి ధార కుదురుకుంటుంది.

ఇక మోటారు వైపు సంగతి. దీనికి గడియారం కావాలి. ఇంట్లో కుళాయిలన్నీ కట్టేసి, వెయ్యి లీటర్ల ట్యాంకు సగం నుంచి నిండడానికి ఎంతసేపు పడుతుందో చూడండి. 20 నిమిషాలైతే నిమిషానికి 25 లీటర్లు వస్తున్నట్టు. నెలకోసారి క్యాలెండరు మీద రాసి పెట్టుకోండి. అదే పనికి 40 నిమిషాలు పడుతుంటే అప్పుడు అనుమానించాలి.

నీళ్లు ఆగి ఆగి, గాలితో కలిసి, బురదగా వస్తుంటే బోరులో మట్టం పడిపోయిందన్నమాట. మన రాతి నేలల్లో నీళ్లుండేది బండ పగుళ్లలోనే, ఊరడానికి టైము పడుతుంది. వెంటనే మోటారు కట్టేయండి. ఖాళీగా తిరిగితే కాలిపోతుంది. ఒకేసారి గంట వేసే బదులు పొద్దున ఇరవై నిమిషాలు, సాయంత్రం ఇరవై నిమిషాలు వేసుకోండి.

గాలి లేకుండా నిలకడగానే వస్తూ ధార సన్నగా ఉంటే ముందు బోర్డు మీద వోల్టేజి చూడండి. మా వీధిలో సాయంత్రం వేళ అది పడిపోతుంది, అప్పుడు మోటారును తిట్టి లాభం లేదు. వోల్టేజి సరిగా ఉన్నా అంతేనంటే లోపల పైపు కారుతూ ఉండొచ్చు, మోటారు అరిగిపోయి ఉండొచ్చు. అప్పుడు పైకి తీయించక తప్పదు. సింగిల్ ఫేజ్ మోటారు మూలుగుతూ తిరగకపోతే చాలాసార్లు బోర్డులోని కెపాసిటరే కారణం. మెయిన్ ఆపినా దాన్లో కరెంటు నిలిచి ఉంటుంది, మనం చెయ్యి పెట్టకూడదు. ఎలక్ట్రీషియన్‌నే పిలవండి.

ఈమధ్య అందరూ ప్రెజర్ పంపు పెట్టించుకుంటున్నారు. ఎత్తు చాలని ఇంటికి అది మంచిదే. పూడిపోయిన పైపుకు పెడితే మాత్రం డబ్బు దండగ, పైగా పాత అతుకులు కారతాయి.

మోటారు పైకి తీయించిన రోజున పక్కనే నిలబడండి. ఎన్ని అడుగుల లోతున ఉందో, బోరు లోతెంతో, నీళ్లు ఎన్నో అడుగులో తగిలాయో అడిగి స్టార్టర్ బోర్డు తలుపు లోపలివైపు రాసిపెట్టండి. ఇంటాయన ఊళ్లో లేనప్పుడు వచ్చే మెకానిక్ మొట్టమొదట అడిగేది అదే.