పిల్లలేరీ?

కిందటి నెల ఓ ఆదివారం నేనూ మావారూ రామోజీ ఫిలిం సిటీకి వెళ్ళొచ్చాం. ఇద్దరమే. ఇందులో రాయవలసిన విశేషం ఏముందంటారా? పెందలాడే లేచి, ఇంత ఉప్మా తిని, మంచినీళ్ళ సీసా సంచీలో పడేసుకుని గేటు దాటేదాకా నేనూ అలాగే అనుకున్నాను.

పక్కింటి పిన్నిగారు ముగ్గేస్తూ తలెత్తింది.

"ఎక్కడికమ్మా పొద్దున్నే, గుడికా?"

"ఫిలిం సిటీకండీ."

"మీరిద్దరేనా? పిల్లల్లేకుండా అక్కడేం చేస్తారూ!"

ఆవిడకు మా సంగతి తెలియక కాదు. మా పెళ్ళయి పధ్నాలుగేళ్ళు. పిల్లల్లేరు. ఎక్కని గుడిమెట్టు లేదు, తొక్కని ఆస్పత్రి గడప లేదు. చివరికి ఓ రాత్రి ఇద్దరం కూచుని, ఇక చాలు అనుకున్నాం. ఆ మాట అనుకోవడానికి మాకు ఎన్నాళ్ళు పట్టిందో మాకే తెలుసు. మేం వదిలేశాం గానీ లోకం వదలదు కదా! నిజంగా గుడికే వెళ్తూంటే పిన్నిగారు ఆ ప్రశ్న వేసేది కాదు. పెళ్ళికి వెళ్ళినా, పరామర్శకి వెళ్ళినా వేసేది కాదు. మగవాళ్ళు నలుగురు కలిసి క్రికెట్టు చూడ్డానికి వెళ్తే, పిల్లలేరీ అని ఎవరైనా అడిగారా? ఆడది నవ్వుకోడానికి బయల్దేరితేనే ఓ సాకు చేత్తో పట్టుకుని వెళ్ళాలి. ఆ సాకు వయసు పదేళ్ళలోపు ఉండాలి.

బస్సు హయత్‌నగర్ దాటుతూంటే పక్క సీటావిడ పలకరించింది. "పిల్లల్ని అమ్మమ్మగారింట్లో వదిలొచ్చారా?"

అవునన్నాను. చెప్పొద్దూ, అబద్ధమాడినందుకు రెండు స్టేజీలదాకా సిగ్గుపడ్డాను. ఆ తరవాత ఒళ్ళు మండింది. టిక్కెట్టు డబ్బు నాదీ, ఆదివారం నాదీ. మరి సంజాయిషీ ఎవరికి?

ఇలాంటి చోట్లన్నీ పిల్లలకోసమే పుట్టాయని మనకో నమ్మకం. డెన్మార్కులో, కోపెన్‌హేగెన్ నగరంలో టివోలీ అనే ఉద్యానం 1843లో తెరిచారు. నేటికీ నడుస్తోంది. పెద్దలు సాయంత్రంపూట సంగీతం వింటూ, దీపాలు చూస్తూ తిరిగిన చోటది. అంతదూరం దేనికి, శివరాత్రికి కోటప్పకొండ తిరునాళ్ళలో ప్రభలు కట్టేదీ, చూసేదీ పెద్దవాళ్ళు కాదూ! రంగులరాట్నం కనిపిస్తే ఎక్కడానికి మా తాతయ్య ఏ మనవణ్ణీ అడ్డం పెట్టుకున్నట్టు నేనెప్పుడూ వినలేదు.

అమెరికాలో 1955లో డిస్నీలాండు తెరిచిన వాల్ట్ డిస్నీ తనకా ఆలోచన ఎలా వచ్చిందో చెప్పుకున్నాడు. కూతుళ్ళిద్దర్నీ పార్కులో రంగులరాట్నం ఎక్కించి, తను బెంచీమీద కూచుని వేరుశనక్కాయలు నములుతూ ఉండేవాట్ట. పిల్లలతోపాటు పెద్దలూ ఆడుకునే చోటుంటే బావుణ్ణు కదా అనిపించిందట. మగవాడు గనక, బెంచీమీద విసుగు పుడితే లేచి ఏకంగా ఓ నగరం కట్టాడు. మన ఆడవాళ్ళం ఆ బెంచీమీద ఇంకా కూచునే ఉన్నాం.

ఫిలిం సిటీలో ఆ బెంచీలు చూశాను. 1996లో కట్టిన ఈ ఊరు, ప్రపంచంలోకెల్లా పెద్ద స్టూడియో సముదాయంగా గిన్నిస్ పుస్తకానికెక్కింది. ఎర్రబస్సు ఎక్కించి వీధులన్నీ తిప్పుతారు. ముందునుంచి చూస్తే మేడ, వెనక్కి వెళ్తే కర్రలూ ఇనపకడ్డీలూ. (మనకి తెలిసిన సంసారాలు కొన్ని గుర్తొచ్చాయి గానీ, అది ఇంకో వారం.) బాహుబలి కోసం వేసిన మాహిష్మతి సెట్టులో మావారు నడుంమీద చేతులు పెట్టుకుని ఫొటో తియ్యమన్నారు. బ్యాంకులో చలాన్లమీద సంతకాలు పెట్టే మనిషి అలా ఛాతీ విరుచుకోగా చూడ్డం అదే మొదటిసారి.

పిల్లల ఆటలవైపు తండ్రులు పిల్లల్ని భుజానికెత్తుకుని వరసలో నిలబడ్డారు. తల్లులు బెంచీలమీద. ఒళ్ళో సంచులు, కాళ్ళదగ్గర అందరి చెప్పులు. నా ఈడుదే ఒకావిడ పక్కన కూలబడ్డాను.

"మీరెక్కరా?" అన్నాను.

"నాకెందుకండీ, పిల్లలకోసం వచ్చాం. మీ పిల్లలూ...?"

"లేరండీ. మేమిద్దరమే సరదాకి వచ్చాం." ఈసారి నిజమే చెప్పాను.

ఆవిడ కాసేపు మాట్లాడలేదు. తరవాత "హాయి" అంది. అనేసి నాలిక కరుచుకుంది.

నాకు కోపం రాలేదు. పిల్లలు వద్దని కాదు ఆ మాటకర్థం. పొద్దుట్నించీ కూచునే ఉన్నానని. జాలిపడేవాళ్ళకి నా జవాబు ఇదే: నా ఇంట్లో లోటుంది, కాదనను. ఆ లోటుని మరిచిపోడానికి వచ్చాననుకోకండి, రాట్నం ఎక్కడానికి వచ్చాను. ఇంటినిండా పిల్లలున్న ఆ తల్లికీ రాట్నం దక్కలేదే! లేనమ్మకి అర్హత లేదు, ఉన్నమ్మకి తీరిక లేదు. ఇంక ఎక్కేదెవరు?

"సంచులు నేను చూస్తా, వెళ్ళండి" అన్నాను. మూడుసార్లు వద్దంది. నాలుగోసారి చెప్పులు కూడా వదిలేసి పరిగెత్తింది. జుట్టు రేగిపోయి, నవ్వాపుకోలేక, కొంగు సర్దుకుంటూ తిరిగొస్తూంటే ఆవిడ పిల్లలు నోళ్ళు తెరుచుకుని చూశారు.

మర్నాడు సాయంత్రం పిన్నిగారు గోడ దగ్గరికొచ్చింది. ఆవిడ ఇద్దరు కొడుకులూ డల్లాసులో ఉంటారు. బాబాయిగారు రిటైరై ఆరేళ్ళయింది. అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి అడిగింది.

"ఏమే అమ్మాయ్, ఆ ఎర్రబస్సు మెట్లు మరీ ఎత్తా?"

"నేను పట్టుకుంటాలెండి. వచ్చే ఆదివారం ఖాళీయేనా?"

"మీ బాబాయిగార్ని అడగాలి" అంటూ లోపలికి వెళ్ళింది. అయిదు నిమిషాలు కాకముందే మళ్ళీ గోడ దగ్గరుంది.